నీలిబిళ్ళ ఇంట్లో మంచినీళ్ళు

1. సోమవారం

నగరం మా ఇంట్లో బిగించిన గోడపెట్టెకు ఈ పూట చెప్పవలసింది చెప్పేశాను. నడవలేనివాళ్ళ బండికి ఇచ్చే నీలిబిళ్ళ గడువు పెంచమని అడిగినవాళ్ళు తనిఖీ అయ్యేదాకా రోజూ దానికి తమ నొప్పి సంగతి చెప్పాలని నగరం నిబంధన. "ఈ రోజు మీ కీళ్ళు ఎలా ఉన్నాయి? ఒకటి నుంచి పది లోపు ఒక అంకె చెప్పండి" అని తీయటి గొంతుతో అడుగుతుంది. ఏడు అన్నాను. నిన్నా ఏడే అన్నాను. నొప్పికి అంకె ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఐదంటే తక్కువైపోతుంది, తొమ్మిదంటే నమ్మదు. అందుకని మా ఊరు ఎగువరేవులో నీలిబిళ్ళ అడిగే ప్రతివాళ్ళకీ ఏడే నొప్పి.

ఇది మాత్రం దానికి చెప్పేది కాదు. ఇది కాగితం మీద, పెన్సిలుతో, నా కోసం. కాగితానికి చెవులు లేవు. వేళ్ళు సహకరించిన రోజున రాస్తాను, లేకపోతే మానేస్తాను.

రేపెవరైనా చూస్తే పిచ్చిదనుకోకుండా ముందు నా పేరు రాసుకుంటున్నాను. నూకరత్నం. నాలుగో అంచె బజారులో నాకు కళ్ళద్దాల షాపుంది. కంట్లోనే అద్దం పెట్టించుకునే కాలం వచ్చినా ముక్కు మీద అద్దాలుంటే తప్ప చదవలేమనే ముసలివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళే నా గిరాకీ. పెళ్ళి చేసుకోలేదు. మా అక్క చిట్టెమ్మా నేనూ ఆరో అంచెలో రెండు గదుల ఇంట్లో ఉంటాం.

సముద్రం మొదటి అంచెను మింగేశాక ఊరంతా కొండెక్కింది. కొండను అంచెలంచెలుగా చెక్కి కట్టిన ఊరంటే మెట్లే. బజారులో బండి ఆపుకునే హక్కు నీలిబిళ్ళ ఉన్నవాళ్ళకు తప్ప ఎవరికీ లేదు. నా షాపు గుమ్మం ముందే ఒక నీలిగడి ఉంది. తనంతట తనే నడిచే నా డబ్బాబండి దగ్గరకు రాగానే, దానికున్న బిళ్ళను చూసి, గడి మూలల్లో ఉన్న ఇనుప స్తంభాలు నేలలోకి దిగిపోతాయి. బండి దిగి రెండడుగులు వేసి షట్టరు తీస్తాను. ఆ రెండడుగుల మీదే నా బతుకు నడుస్తోంది. బిళ్ళ పోతే బండి నన్ను కింది అంచెలో దింపేసి పోతుంది. అక్కణ్ణించి బజారు మెట్లన్నీ ఎక్కాలి. రోజూ ఎక్కడం నా వల్ల కాదు. షాపు మూసుకోవడమే.

నాది కీళ్ళవాతం. ఒక రోజు ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, ఇంకో రోజు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఏ రోజు ఏదో నాకే తెలియదు. ఇక నగరానికి ఏం చెప్పను?

2. బుధవారం

ఈ రోజు నా గడిలో వేరే బండి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, లోపల మనిషి లేడు. నా బండి దగ్గరకు వెళ్ళేసరికి అది నోరు తెరిచి, "ఒక్క నిమిషమేనండీ, మా సారు ఇప్పుడే వచ్చేస్తారు" అంది. ఆ సారు నగల కొట్లో కూర్చుని ఉన్నాడు. బండి అద్దానికి అతికించి ఉన్న బిళ్ళ వాళ్ళ మామ్మది. మామ్మ పోయి చాలా కాలమైంది, ఆవిడ అంత్యక్రియలకు నేనూ వెళ్ళాను. బిళ్ళ మాత్రం ఇంకా బజారుకు వస్తోంది. ఎవరితో పోట్లాడను? బండిలోనే కూర్చుని ఎదురుచూశాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

నా పక్క కొట్టు దాలినాయుడిది. గొడుగులు బాగుచేస్తాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు. నగరమే అతనికి యంత్రపు కాలు అమర్చి, ఆ కాలు దివ్యంగా నడుస్తోంది కనుక ఇక బిళ్ళ అవసరం లేదని తీసేసుకుంది. ఇప్పుడు రోజూ మెట్లెక్కి వస్తాడు. వచ్చి కాలు విప్పి పక్కన పెట్టి, ఒరుసుకుపోయిన చోట గుడ్డ తడిపి వేసుకుంటాడు.

"కాలు బాగానే ఉందప్పా" అంటాడు నాతో. అతనికి నేను అప్పను, అంటే అక్కని. "దాని పైనున్నోడే బాగోనేదు. ఆ సంగతి నేలకి తెల్దు కదా."

నేలంటే పలకల సంగతి. కొండ జారేముందు తెలియాలని ఊరంతా నేలకింద పలకలు పరిచారు, ఇళ్ళలో కూడా. కొండ కదలికనే పట్టేదానికి మనిషి అడుగు ఒక లెక్కా? ఇప్పుడు బిళ్ళ అడిగినవాళ్ళ బరువు ఏ కాలి మీద పడుతోంది, అడుగు ఎంత తడబడుతోంది అన్నీ అదే చూస్తుంది.

"నీ ఇంటికి తనికీకి ఎప్పుడొస్తారు?" అని అడిగాడు.

"శుక్రవారం."

"సచ్చినా లెగకప్పా. కూకున్న కుర్చీలోంచి లెగకు. తప్పనిసరైతే గోడ పట్టుకుని లెగు. నడకలో నొప్పి కనపడాలి."

"నొప్పి ఉంటే కనపడుతుంది, లేకపోతే లేదు. నేను నాటకాలు ఆడలేను" అన్నాను.

అతను నవ్వి గొడుగు ఊచ వంచుకున్నాడు. నాకు మాత్రం చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్ళూ నొప్పిని చీర కుచ్చిళ్ళలో దాచుకుని నడిచాను. ఇప్పుడు దాన్ని బయటకు తీసి వీధిలో ఆరేయమంటున్నారు.

3. శుక్రవారం

తనిఖీ అయింది. పాడు చేసుకున్నాను.

నియమాలు ఇవీ. ఇంట్లో నివాసి ఒక్కరే ఉండాలి. తనిఖీదారు వచ్చి కుర్చీలో కూర్చుని, తన వెంట తెచ్చిన మీట నొక్కి, మళ్ళీ మీట ఆపేదాకా కుర్చీ దిగకూడదు. ఆ మధ్యలో ఆ ఇంటి పలకల మీద పడే ప్రతి అడుగూ నివాసిదిగానే లెక్కకు వస్తుంది. అక్కను పొద్దున్నే కూరగాయలకు పంపించాను. పోతూ పోతూ, "ఆయనకేమైనా పెట్టవే, ఎండన పడి వస్తాడు" అంది.

వచ్చినాయన పేరు పైడినాయుడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గుమ్మంలో చాలాసేపు ఊపిరి పీల్చుకుని లోపలికి వచ్చాడు. కూర్చున్నాడు, మీట నొక్కాడు. నేను ఎదురుగా నా కుర్చీలో కదలకుండా ఉన్నాను. దాలినాయుడి మాట బుర్రలోనే ఉంది.

"పొద్దున్న లెగడానికి ఎంతసేపు పడతాదమ్మా?"

"రోజును బట్టి ఉంటుందండీ."

"వంట ఎవులు సేస్తారు?"

"మా అక్క."

మూడో ప్రశ్న అడగబోయి దగ్గాడు. గొంతు పొడారిపోయిన దగ్గు. సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ దగ్గాడు. నా తప్పేమీ లేదు, నా చేతులు వాటంతట అవే కుర్చీని వదిలేశాయి. కుండ మీద మూత తీశాక గాని నేను లేచానన్న సంగతి నాకే తెలియలేదు.

"వొద్దమ్మా, కూకోండి" అన్నాడు.

ఇంటికి వచ్చినవాళ్ళు వద్దనే అంటారు. వద్దన్నారని మానేస్తామా? గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చాను. గటగటా తాగేశాడు. ఒట్టి నీళ్ళిచ్చి ఊరుకోవడం బాగోదని మజ్జిగకు వెళ్ళాను.

"వొద్దు తల్లీ, మీకు దండం పెడతాను, కూకోండి" అన్నాడు ఈసారి. కుర్చీ చేతుల మీద సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయాడు.

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. అల్లం దంచి వేశాను, ఉప్పు సరిచూశాను, కరివేపాకు తుంచి వేశాను. ఈ రోజు నా మోకాళ్ళు కూడా భలేగా మాట విన్నాయి. గ్లాసులో చుక్క తొణకలేదు. ఆయన మజ్జిగ తాగుతూ నా ముఖంలోకి కాకుండా నేల వంక చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన వద్దన్నది మొహమాటానికి కాదని.

4. శనివారం

తీర్పు వచ్చేసింది. గోడపెట్టె అదే తీయటి గొంతుతో చదివింది: "నివాసి ఎటువంటి ఆసరా లేకుండా, పాత్రలు పట్టుకుని, సాఫీగా పలుమార్లు నడిచారు. నీలిబిళ్ళ రద్దు చేయడమైనది. మీ ఆరోగ్యానికి అభినందనలు."

పడుకునే విన్నాను. ఎందుకంటే ఈ రోజు లేవలేకపోయాను. వేళ్ళు ముడుచుకుపోయాయి, మోకాళ్ళు వాచాయి. అక్క కాపడం పెట్టింది, గ్లాసు నోటికందించింది. ఈ నాలుగు ముక్కలూ సాయంత్రం రాస్తున్నాను.

గోడపెట్టెను అడిగాను. "నేను ఈ రోజు మంచం దిగలేదు. అది లెక్కలోకి రాదా?"

"ఈ రోజు మీ నడక నమోదు కాలేదు" అంది.

"నడవలేకపోయాను కనుక నమోదు కాలేదు."

"నమోదు కాని నడకను అంచనా వేయలేము. దయచేసి నడిచి చూపించండి."

ఇదీ సంగతి. నేను నడిచిన రోజే నేలకు నేనున్నట్టు. పడి ఉన్న రోజున నేను లేను. నా మంచి రోజులన్నీ దాని దగ్గర భద్రంగా ఉన్నాయి, చెడ్డ రోజులు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. అక్క దాన్ని నానా తిట్లూ తిట్టింది. అది అన్నిటికీ ధన్యవాదాలు చెప్పింది.

5. గురువారం

షాపుకు వెళ్ళాను. అద్దాలు అరగదీసి ఇస్తానని ఒక పెద్దాయనకు మాటిచ్చాను. పాత అద్దాలు పగిలి, గుడ్డివాడిలా తడుముకుంటున్నాడు పాపం.

బండి నాలుగో అంచెకు వచ్చింది గాని గడి దగ్గర స్తంభాలు దిగలేదు. కాసేపు నిలబడి, "క్షమించండి, ఇక్కడ ఆగే అర్హత మనకు లేదు" అని నన్ను తీసుకుని కిందికి దిగిపోయింది. 'మనకు' అంది. అందులో కూర్చుని నవ్వొచ్చింది నాకు.

మెట్లు ఎక్కాను. కాదు, ఎక్కి కూర్చుని, ఎక్కి కూర్చుని వెళ్ళాను. పక్కనుంచి జనం పోతున్నారు. ఒకామె "ఏం పెద్దమ్మా, మోకాళ్ళా?" అని అడిగి, సమాధానం వినకుండా వెళ్ళిపోయింది. సగంలో దాలినాయుడు చూసి, పై నుంచి ఆ యంత్రపు కాలితో టకటకా దిగి, తన ముక్కాలిపీట తెచ్చి వేశాడు. దిగడం బాగానే దిగాడు. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాక చూస్తే పంట్లాము మోకాలి దగ్గర నెత్తురుతో తడిసి ఉంది.

"ఏటప్పా, సెప్పేను కదా లెగొద్దని."

"ఆయన దగ్గుతున్నాడురా."

తన ఇంట్లో అయితే దాలినాయుడు మాత్రం నీళ్ళివ్వకుండా ఊరుకునేవాడా?

షాపు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దాయన చూసి చూసి వెళ్ళిపోయాడు. చేతులు వణికి అద్దం మీద గీత పడింది. చాలా కాలం తరువాత షాపులో కూర్చుని ఏడ్చాను. ఈ పని నాకు వచ్చు, ఇది తప్ప నాకేమీ రాదు. ఇది కూడా పోతే ఇంట్లో మంచం మీద కూర్చుని గోడపెట్టెకు అంకెలు చెప్పుకుంటూ బతకాలి.

6. మంగళవారం

మళ్ళీ తనిఖీ చేయమని కోరే హక్కు ఒక్కసారే ఉంది. కోరాను. రేపు వస్తారట, మళ్ళీ పైడినాయుడే.

దాలినాయుడు ఇంటికొచ్చి నాకు తర్ఫీదు ఇచ్చాడు. అతను నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. మా అక్క తనిఖీదారు కుర్చీలో కూర్చుని దగ్గింది. దగ్గినప్పుడల్లా నేను లేవబోవడం, దాలినాయుడు భుజం పట్టి కూర్చోబెట్టడం. అక్క ఉత్సాహం కొద్దీ నిజంగానే దగ్గు తెచ్చుకుంది. తనకు నీళ్ళివ్వడానికి మళ్ళీ నేనే లేచాను. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. తరువాత అక్క ముఖం ముడుచుకుంది.

"ఇంటికొచ్చినోడికి గుక్కెడు నీళ్ళియ్యకపోతే మనం మడుసులవేటి?"

"అందరూ అలాగే చేస్తన్నారప్పా" అన్నాడు దాలినాయుడు. నా సంగతి ఊరంతా పాకిందట. బిళ్ళలున్న ఏ ఇంట్లోనూ ఇప్పుడు తనిఖీదారులకు నీళ్ళివ్వడం లేదట. "మొన్న ఐదో అంచె మెట్ల మీద ఆ పైడినాయుడు కళ్ళు తిరిగి పడిపోనాడు. సీసా తెచ్చుకోవచ్చు కదా అంటే, ఇళ్ళకెళ్ళీవోడికి సీసా ఎందుకు అన్నాడంట."

అదీ నిజమే. ఇళ్ళకు వెళ్ళేవాడు మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళడం ఎక్కడైనా ఉందా? నేనిచ్చిన మజ్జిగ వల్ల ఆ మనిషికి ఊరంతటా నీళ్ళు కరువయ్యాయి. మనసు చివుక్కుమంది. అయినా రేపు నేనూ ఇవ్వను. ఇవ్వకూడదు.

7. బుధవారం

వచ్చాడు. గుమ్మంలో కిందటిసారి కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి. కూర్చున్నాడు, మీట నొక్కాడు. నా ఖర్మకొద్దీ ఈ రోజు కూడా నా కీళ్ళు బాగానే ఉన్నాయి. లేస్తే లేవగలను. ఆ లేవగలగడమే నాకు శత్రువైపోయింది.

అడిగాడు, చెప్పాను. అడిగాడు, చెప్పాను. మధ్యలో ఆయన చూపు కుండ మీదికి పోయి వెనక్కి వచ్చింది. నేను చేతులు రెండూ కుర్చీకి బిగించి కూర్చున్నాను. సిగ్గేసింది. ఎండన పడి వచ్చిన మనిషి ఎదురుగా, నిండు కుండ పక్కన పెట్టుకుని, రాయిలా కూర్చున్నాను.

ఆయన దగ్గాడు.

నేను లేవలేదు. మా అమ్మ బతికి ఉంటే నన్ను ఈ ఇంట్లోంచి గెంటేసి ఉండేది. చివరికి ఉండబట్టలేక అన్నాను. "బాబూ, నేను లేవకూడదు. మీకు తెలుసు. కుండ అదిగో, గ్లాసు దాని మీదే ఉంది."

ఆయన నా వంక చూశాడు. మీట వంక చూశాడు. దాని మీద దీపం వెలుగుతూనే ఉంది. తరువాత కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేచాడు.

లేవడం ఒక్కసారిగా లేవలేదు. సగం లేచి, ఆగి, పళ్ళు బిగించి, మిగతా సగం లేచాడు. గోడకు అరచెయ్యి ఆనించి నడిచాడు. ఎడమ మోకాలు వంగడం లేదు, కుడిది వణుకుతోంది. చెడ్డ రోజున నేనెలా ఉంటానో నేనెప్పుడూ చూసుకోలేదు. ఈ రోజు చూశాను.

నిలబడే రెండు గ్లాసులు తాగాడు. మూడోది నింపి, గోడ పట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. "పుచ్చుకోండమ్మా." పుచ్చుకున్నాను. నా ఇంట్లో నాకు ఒక అతిథి నీళ్ళివ్వడం అదే మొదటిసారి.

"మజ్జిగుందా?" అన్నాడు.

"గట్టు మీద ఉంది."

మళ్ళీ వెళ్ళాడు. తాగి వచ్చాడు. కూర్చుంటాడనుకున్నాను, కూర్చోలేదు. మళ్ళీ కుండ దాకా వెళ్ళాడు. ఈసారి గ్లాసు ముట్టలేదు. గోడ పట్టుకుని అక్కడే కాసేపు నిలబడి, మూలిగి, మెల్లగా తిరిగి వచ్చాడు. నాకు ఏదో అడగాలనిపించి నోరు తెరిచాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, కుర్చీలో కూలబడి మీట ఆపేశాడు.

"ఇంక సాల్లెండి. అయిపోనాది."

వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

8. శనివారం

గోడపెట్టె చదివింది: "నివాసి నడకలో రెండు మోకాళ్ళ తీవ్ర అరుగుదల స్పష్టంగా నమోదైనది. నీలిబిళ్ళ పునరుద్ధరించడమైనది. గత తనిఖీతో పోలిస్తే మీ బరువు గణనీయంగా పెరిగింది. మితాహారం పాటించగలరు."

అక్క పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేలకు నా మంచి రోజు ఒక్కటే తెలుసు. ఆయన తన చెడ్డ రోజును తెచ్చి నా పేరు మీద నడిచి వెళ్ళాడు.

ఈ రోజు స్తంభాలు దిగాయి. బండి దిగి, రెండడుగులు వేసి, షట్టరు తీశాను. పెద్దాయన అద్దాలు పూర్తిచేసి ఆయన ముక్కు మీద పెట్టాను. నా ముఖం చూసి, "నువ్వు చిక్కిపోయావే" అన్నాడు. బరువు పెరిగానని నగరం చెప్పిందన్నాను.

మధ్యాహ్నం పైడినాయుడు వచ్చాడు. మెట్లెక్కే వచ్చాడు. అద్దాలు చూపించుకోవాలన్నాడు గాని, కూర్చోవడానికే వచ్చినట్టు కూర్చున్నాడు. దాలినాయుడు పక్క కొట్లోంచి తొంగి చూసి, నమస్కారం పెట్టి, తన పనిలో పడ్డాడు.

"ఆ మోకాళ్ళు ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"మెట్ల ఉద్దోగం కదమ్మా. శానా రోజులైంది."

"మరి మీరు బిళ్ళకు పెట్టుకోకపోయారా?"

"బిళ్ళున్నోడికి తనికీ ఉద్దోగం ఇవ్వరు. ఇంకో రెండేళ్ళు లాగించీగలిగితే సాలు." మోకాలు రుద్దుకున్నాడు. "అడగనోడి నడక నేల సూడదు కదమ్మా. నాను అడగలేదు, అది సూడలేదు. ఇద్దరం బాగున్నాం."

రుణపడిపోయాననీ, తప్పు చేయించాననీ రెండూ అనిపించాయి. ఆయన దగ్గాడు. షాపు మూలన నీళ్ళకూజా ఉంది. నా చేతులు కుర్చీని వదిలేశాయి.

"వొద్దమ్మా" అన్నాడు నేల వంక చూసి. "కూకోండి."

ఈసారి కూర్చున్నాను.